పాత జీపు చక్రం దగ్గర గ్రీజు కారుతోందా? సీలు కొనే ముందు ఇలా చూడండి

చక్రం లోపలివైపు నల్లగా తడి కనిపించగానే ఆటోనగర్‌కు పోయి ఆయిల్ సీలు (గ్రీజు, ఆయిల్ బయటికి రాకుండా ఆపే రింగు) మార్పించేస్తాం. నెల తిరగకముందే మళ్లీ లీకు మొదలవుతుంది. సీలు పాడవడానికి వెనక చాలాసార్లు ఇంకో కారణం ఉంటుంది. అది దొరికేదాకా ఎన్ని సీళ్లు వేసినా దండగే.

ముందు బండిని చదునైన చోట ఆపి, మిగతా చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టండి. జాకీతో లేపాక కింద గట్టి స్టాండు పెట్టాలి. ఒట్టి జాకీని నమ్ముకుని చక్రం విప్పొద్దు.

ఇప్పుడు కారేది ఏంటో తేల్చుకోవాలి. కొంచెం వేలికి తీసుకుని బొటనవేలితో నలపండి. వెన్నలా చిక్కగా అంటుకుంటే గ్రీజు. జారుగా ఉండి గంధకం వాసన ఘాటుగా కొడితే గేర్ ఆయిల్. బాగా పల్చగా ఉండి, నీళ్లు పోయగానే కడుక్కుపోతే, పక్కన పెయింటు కూడా పొంగి లేస్తే అది బ్రేక్ ఆయిల్. అంటే వీల్ సిలిండర్ (చక్రం లోపల బ్రేక్ షూలను తోసే చిన్న సిలిండర్) పోయింది, బాగు చేయించేదాకా ఆ బండిని రోడ్డెక్కించొద్దు.

గ్రీజు మజ్జిగలా తెల్లబడిందంటే నీళ్లు చేరాయి. వానాకాలం ములుగు, ఏటూరునాగారం వైపు వాగులు దాటే బండ్లకు ఈ ముప్పు ఎక్కువ. వేడి మీదున్న హబ్బు (చక్రం మధ్యలో బేరింగులుండే భాగం) చల్లటి నీళ్లలో మునిగితే లోపలి గాలి ముడుచుకుని, సీలు అంచు నుంచి నీళ్లను లాక్కుంటుంది.

తడి బయటివైపు ఉంటే హబ్ క్యాపు, దాని గ్యాస్కెట్ చూడండి. లోపలివైపు ఉంటే చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. టకటకమని ఆడితే బేరింగులు వదులైనట్టు. హబ్బు అలా ఊగుతుంటే కొత్త సీలు కూడా నిలవదు. హబ్బు విప్పాక సీలు ఆనే చోట స్పిండిల్ (హబ్బు తిరిగే ఇరుసు) మీద గోరుతో గీరి చూడండి. గోరు గాడిలో పడితే అక్కడ అరిగిపోయిందని అర్థం.

గ్రీజు హబ్బు నిండా కూరడం కూడా తప్పే. వేడికి ఉబ్బి సీలును తోసేస్తుంది. చాసిస్‌కు కొట్టే కాల్షియం గ్రీజు 100 డిగ్రీల లోపే కరిగిపోతుంది. బేరింగులకు లిథియం గ్రీజే వాడండి.

వెనక చక్రాల్లో గేర్ ఆయిల్ కనిపిస్తే యాక్సిల్ మీదున్న బ్రీదర్‌ను (లోపలి గాలి బయటికి పోయే చిన్న దారి) తప్పక చూడండి. నా జీపు వెనక ఎడమ చక్రానికి రెండుసార్లు సీలు మార్పించాను. మూడోసారి విప్పినప్పుడు చూస్తే, బ్రీదర్ రంధ్రంలో రేగడిమట్టి ఎండి రాయిలా బిగుసుకుంది. లోపలి గాలి వేడికి ఉబ్బి, పోయే దారిలేక ఆయిల్‌ను సీలులోంచి తోస్తోంది. సన్న తీగతో పొడిచి కిరోసిన్‌తో కడిగాక లీకు ఆగింది.

గ్రీజు తాగిన బ్రేక్ షూలను కడిగి మళ్లీ వేయొద్దు, రెండు వైపులా కొత్తవి వేయాలి. డ్రమ్ములోని దుమ్మును నోటితో ఊదొద్దు, పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. తడిగుడ్డతో తుడవండి.

అంతా బిగించాక 20 కిలోమీటర్లు తిప్పి, ఆపగానే హబ్బుల దగ్గరికి అరచేయి తీసుకెళ్లి చూడండి. మిగతావాటికంటే ఒకటి బాగా వేడిగా ఉంటే అక్కడ బేరింగు ఎక్కువ బిగిసిందో, బ్రేకు పట్టేస్తోందో చూసుకోవాలి.