తెరచాప పడవ ఇంజిన్‌లో కూలెంట్ మార్చడం ఎలా?

తెరచాప పడవల లోపల బిగించే డీజిల్ ఇంజిన్లు చాలావరకు రెండు వేర్వేరు ప్రవాహాల వల్ల చల్లబడతాయి. బయటి నీరు సీకాక్ (పడవ అడుగున నీటిని లోపలికి వదిలే కవాటం) గుండా లోపలికి వచ్చి, ఇంజిన్ లోపలి ద్రవపు వేడిని తీసుకునే హీట్ ఎక్స్‌చేంజర్‌లోని సన్నని గొట్టాల్లో పారి, ఎగ్జాస్ట్ పొగతో కలిసి బయటికి పోతుంది. ఇంజిన్ బ్లాక్ లోపల ఎప్పుడూ తిరుగుతూ ఉండే రెండో ప్రవాహం కూలెంట్ అనే చల్లబరిచే ద్రవం. మనం మార్చవలసింది దీనినే. ఇందులోని తుప్పు నిరోధకాలు క్రమంగా ఖర్చయిపోతాయి కనుక, రంగు బాగానే కనిపిస్తున్నా గడువు దాటనివ్వకూడదు. పాత తరహా కూలెంట్‌కు సాధారణంగా 2 ఏళ్లు, ఎక్కువకాలం మన్నే రకాలకు 5 ఏళ్ల వరకు గడువు చెబుతారు. మీ ఇంజిన్ మాన్యువల్ వేరే గడువు చెబితే దానినే పాటించండి.

కూలెంట్‌ను రంగు చూసి కొనకండి. ఏ రకానికి ఏ రంగు అన్న కట్టుబాటు తయారీదారుల మధ్య లేదు. పొసగని రకాలు కలిస్తే తుప్పును ఆపే శక్తి తగ్గడమే కాక, కొన్నిసార్లు జిగురులాంటి పదార్థం ఏర్పడి సన్నని దారులను మూసివేస్తుంది.

ఇంజిన్ పూర్తిగా చల్లారిన తరువాతే పని మొదలుపెట్టాలి. వేడిగా ఉన్నప్పుడు కూలెంట్ పోసే చోట ఉండే ప్రెషర్ మూత తిప్పితే మరుగుతున్న ద్రవం ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. ఆ తరువాత బిల్జ్‌లో (పడవ అట్టడుగు భాగంలో) చేరిన నీటిని తనంతట తానే బయటికి తోడే ఆటోమేటిక్ బిల్జ్ పంప్‌ను ఆపివేయండి. చాలా కూలెంట్లలో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉండే విషం. పొరపాటున బిల్జ్‌లో ఒలికినా అది నీటిలోకి పోకూడదు, పిల్లలకూ పెంపుడు జంతువులకూ అందకూడదు.

మూత తీసి, ఇంజిన్ బ్లాక్ మీద ఉండే డ్రెయిన్ కాక్ (ద్రవాన్ని బయటికి వదిలే చిన్న కుళాయి) కింద పాత్ర పెట్టి తెరవండి. హీట్ ఎక్స్‌చేంజర్‌కు వేరే కాక్ ఉంటే దానినీ తెరవాలి. ధార సన్నబడి ఆగిపోగానే ఖాళీ అయిందని అనుకోవద్దు. అడుగున పేరుకున్న మడ్డి కాక్ రంధ్రాన్ని మూసివేయడం తరచుగా జరిగేదే. సన్నని తీగతో మెల్లగా కదిలిస్తే ముదురు రంగు ద్రవం మళ్లీ ఒక్కసారిగా వస్తుంది. బయటికి వచ్చినదాన్ని కొలిచి, మాన్యువల్‌లోని పరిమాణంతో పోల్చి చూడండి. 4 లీటర్లు పట్టే ఇంజిన్ నుంచి 2.5 లీటర్లే వస్తే మిగిలినది ఇంకా లోపలే ఉన్నట్టు. పడవలోని వాటర్ హీటర్‌ను ఇంజిన్‌కు కలిపి ఉంటే, దాని గొట్టాల్లోనూ కొంత నిలిచి ఉంటుంది. బయటికి వచ్చిన ద్రవం తీరును కూడా గమనించాలి: నూనె తెట్టు కనిపిస్తే హెడ్ గాస్కెట్‌నో (ఇంజిన్ పైభాగానికీ బ్లాక్‌కూ మధ్య ఉండే పొర) ఆయిల్ కూలర్‌నో అనుమానించాలి. అటువంటప్పుడు కారణం తేల్చకుండా కొత్త కూలెంట్ పోయడం వృథా.

తరువాత మంచినీరు పోసి, తేటగా వచ్చే వరకు కడగండి. ఈలోగా గొట్టాలను వేళ్లతో నొక్కి చూసి, పగుళ్లు ఉన్నవాటినీ మెత్తబడినవాటినీ మార్చాలి. మూతలోని రబ్బరు వాషర్ గట్టిపడి ఉంటే మూతనూ మార్చాలి, ఎందుకంటే ఒత్తిడి నిలవకపోతే కూలెంట్ తక్కువ వేడికే మరుగుతుంది.

కాక్‌లు బిగించాక సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్ నిష్పత్తిలో నింపాలి. ఈ మిశ్రమం సుమారు −37 డిగ్రీల సెల్సియస్ వరకు గడ్డకట్టదు. చిక్కగా పోస్తే ఇంకా మేలని కొందరు అనుకుంటారు గానీ, గ్లైకాల్ మోతాదు పెరిగేకొద్దీ వేడిని మోసుకుపోయే శక్తి తగ్గుతుంది. కడిగిన నీరు కొంత లోపలే మిగులుతుంది కనుక, మొత్తం పరిమాణంలో సగానికి సరిపడా, నీరు కలపని చిక్కని కూలెంట్‌ను ముందుగా పోసి, ఆపైన డిస్టిల్డ్ వాటర్‌తో నింపడం నా దృష్టిలో ఉత్తమం.

అన్నిటికన్నా ఓపిక కావలసింది లోపలి గాలిని తీయడంలో. నెమ్మదిగా పోస్తూ, పై గొట్టాన్ని పిసుకుతూ ఉంటే బుడగలు కూలెంట్ పోసే మెడ దగ్గరికి వస్తాయి, మట్టం దిగుతుంది. గాలి వదిలే స్క్రూ ఉంటే, బుడగలు లేని ధార వచ్చే వరకు దానిని తెరిచి ఉంచండి. ఆపైన మూత బిగించి, సీకాక్ తెరిచే ఉందని నిర్ధారించుకుని ఇంజిన్‌ను నడపండి. ఎగ్జాస్ట్ నుంచి నీరు వస్తోందో లేదో వెంటనే చూడాలి. థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాక కూలెంట్‌కు దారి ఇచ్చే కవాటం) తెరుచుకునే దాకా నడిపి, వేడిని చూపే ముల్లు మామూలు స్థానం దాటితే వెంటనే ఆపాలి.

చల్లారాక మూత తీసి మళ్లీ నింపండి, రిజర్వ్ డబ్బాలో మట్టాన్ని రెండు గీతల మధ్య ఉంచండి. తరువాతి రెండు మూడు ప్రయాణాలకు ముందు మట్టాన్ని మరోసారి చూడాలి. పాత కూలెంట్‌ను మూత ఉన్న డబ్బాలో పోసి, పేరు రాసి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోట అప్పగించండి.