ఫ్రీజ్ చేసిన ఎర్రకణాలతో యాంటీబాడీ టెస్టు: మొదలుపెట్టే ముందు

మే నెలలో కర్నూలు ఎండ ల్యాబు గదిలోకీ వచ్చేస్తుంది, కరెంటూ పోతుంటుంది. అందుకే కణాలున్న వయల్ (చిన్న సీసా) తీయకముందే, దాన్ని కరిగించే వాటర్ బాత్ 37 డిగ్రీల దగ్గర నిలిచిందో లేదో థర్మామీటరు పెట్టి చూడండి.

వయల్స్ నిల్వ ఉండే లిక్విడ్ నైట్రోజన్ మైనస్ 196 డిగ్రీలు. ఫేస్ షీల్డ్, చలి గ్లవ్స్ లేకుండా మూత తీయొద్దు. లోపలికి నైట్రోజన్ చేరిన వయల్ వేడి తగలగానే పేలే ప్రమాదముంది. గదిలో గాలి ఆడాలి.

వయల్ నంబరు, గ్రూపు, యాంటిజెన్ షీటు (ఆ కణాల మీద ఏ యాంటిజెన్లు ఉన్నాయో రాసిన కాగితం) ఇద్దరు కలిసి పైకి చదవండి. చాలా అరుదైన బాంబే గ్రూపు కణాలైతే మరీ జాగ్రత్త. పాడైతే మళ్లీ ఎక్కడ తెస్తాం?

ఫ్రీజింగ్‌లో కణాలు పాడవకుండా కలిపిన గ్లిసరాల్‌ను కడిగి తీసే సెలైన్లు (ఉప్పునీళ్లు) ముందే వరుసగా పెట్టుకోండి: 12 శాతం, 1.6, చివరికి 0.9. ఈ వరుస తప్పకూడదు. నేరుగా 0.9 పోస్తే నీరు ఒక్కసారిగా లోపలికి చొరబడి కణాలు పగిలిపోతాయి. ఒకసారి తొందరలో నేను అలాగే పోశాను. ట్యూబు నిండా దానిమ్మ రసంలా ఎర్రటి నీళ్లు, అడుగున కణాలే లేవు. ఆ రోజు పేషెంటు రిపోర్టు ఆగిపోయింది, ఇప్పటికీ బాధే.

చివరి వాష్ తర్వాత పైనున్న నీటిని తెల్ల కాగితం ముందు పట్టి చూడండి. గులాబీ ఛాయ కనిపిస్తే ఇంకో వాష్ ఇవ్వండి. లేదంటే ఆ రంగును యాంటీబాడీ పనేనని పొరబడతాం.

కంట్రోళ్లు (ఫలితం ముందే తెలిసిన పోలిక ట్యూబులు) కూడా ఈ కణాలతోనే పెట్టాలి. కణాలకు అంటిన యాంటీబాడీని పట్టే కూంబ్స్ టెస్టులో నెగెటివ్ వచ్చిన ట్యూబులో చెక్ సెల్స్ (టెస్టు సరిగా పనిచేసిందో చూపే, యాంటీబాడీ అంటించిన కణాలు) వేయడం మరవొద్దు. కరిగించినవి అదే రోజు వాడేయండి.