పాయింట్ల నుంచి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్‌కి, 4వ పాఠం: పన్నెండు వోల్టుల భ్రమ

నిప్పురవ్వకు కావాల్సిన ఎక్కువ వోల్టేజి పుట్టించేది కాయిల్. పాత కార్లలో దాని కరెంటును కలుపుతూ తెంపుతూ ఉండే పాయింట్లు తీసేసి, ఆ పనే చేసే ఎలక్ట్రానిక్ మాడ్యూల్ బిగించడం ఈ పాఠాల సంగతి. మూడో పాఠం తర్వాత వచ్చిన ఫోన్లన్నిటిదీ ఒకటే పాట: "మాస్టారూ, పాయింట్లతో నిన్నటిదాకా తిరిగిన అంబాసిడర్ మీ మాట విని మాడ్యూల్ బిగించాక మొండికేసింది." అందుకని ఈసారి చెబుతానన్న టైమింగ్ (నిప్పురవ్వ పడే వేళ) పక్కన పెడుతున్నాను.

రెండు కేసులు తేలికవే. ఒకాయన బండిలో బ్యాటరీ పాజిటివ్ బాడీకి ఎర్త్ అయి ఉంది. నెగటివ్ ఎర్త్ మాడ్యూల్ తెచ్చి పెట్టారు, పోయింది. ఇంకొకాయన తాళం ఆన్‌లోనే ఉంచి బానెట్ కింద అరగంట తడుముకున్నారు. ఇంజిన్ తిరగకుండా తాళం ఆన్‌లో వదలకూడదని వేరే చెప్పాలా అనుకున్నాను. చెప్పాల్సింది. కాయిలూ మాడ్యూలూ రెండూ కాలిపోవచ్చు.

మిగతావాళ్లందరి లక్షణం ఒకటే. సెల్ఫ్ కొడుతున్నంతసేపూ ఉలుకూ పలుకూ ఉండదు, తాళం వదిలిన క్షణంలో ఒక్కసారి అందుకోబోయి ఆగిపోతుంది. కరెంటు చాలట్లేదు అంటే ఒప్పుకోరు. "కాయిల్ దగ్గర 12.4 ఉందండీ, మీటర్ పెట్టి చూశా." ఎలా చూశారు? "వైరు పీకి, దాని కొసకి పెట్టా."

ఇక్కడే నాకు ఒళ్లు మండుతుంది. బస్తా ఎత్తకముందే హమాలీ బలం కొలిచినట్టుంది ఇది. వైరు పీకితే కరెంటు పారదు. పారకపోతే ఎంత తుప్పు పట్టిన స్విచ్ అయినా వోల్టేజి తినదు. మీటర్ నిండుగా చూపిస్తుంది. లెక్క చూడండి. కాయిల్ 3 ఓమ్‌లు, 12 వోల్టులకు 4 ఆంపియర్లు లాగాలి. తాళం స్విచ్ లోపల మసిపట్టి అర ఓమ్ అడ్డుపడిందనుకోండి. మొత్తం మూడున్నర, పారేది 3.4 ఆంపియర్లే. స్విచ్ 1.7 వోల్టులు మింగేస్తుంది, కాయిల్‌కి దక్కేది 10.3. సెల్ఫ్ తిరిగేటప్పుడు బ్యాటరీ ఇంకా కుంగుతుంది. పాయింట్లు ఉత్త స్విచ్ కాబట్టి ఆ కాస్తతోనే నిప్పురవ్వ తెప్పించేవి. మాడ్యూల్‌లోని సర్క్యూట్ మేలుకోవడానికే కొంత వోల్టేజి కావాలి. ఇన్నాళ్లూ పాయింట్లు కప్పిపుచ్చిన జబ్బు ఇప్పుడు బయటపడింది, అంతే.

సరైన కొలత ఇలా (నెగటివ్ ఎర్త్ బండికి). మాడ్యూల్ ఎర్ర, నల్ల తీగలు కాయిల్ నుంచి విప్పండి. కాయిల్ మధ్యలోని లావు తీగను డెల్కో (డిస్ట్రిబ్యూటర్) క్యాప్ లోంచి తీసి, దాని కొస బాడీకి తగిలేలా కట్టెయ్యండి. కాయిల్ నెగటివ్‌ని ఒక వైరుతో బాడీకి కలిపి తాళం ఆన్ చేసి, కాయిల్ పాజిటివ్ దగ్గర, వెంటనే బ్యాటరీ దగ్గర చూడండి. పది సెకన్లు చాలు. తేడా అర వోల్టు దాటితే దారిలో దొంగ ఉన్నాడు.

స్విచ్ మార్చొచ్చు. నేనైతే మార్చను, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్) పెడతాను. ఈ కింది అంకెలు దాని కాళ్ల పక్కన రాసి ఉండేవి. బ్యాటరీ నుంచి ఫ్యూజ్ ద్వారా 30కి, 87 నుంచి కాయిల్ పాజిటివ్‌కి, కాయిల్‌కి వచ్చే పాత తెల్ల తీగ 86కి, 85 బాడీకి. అప్పుడు ముసలి స్విచ్ మీద రిలేని లేపే భారమే పడుతుంది.

కాయిల్ 1.5 ఓమ్‌లే చూపిస్తే దారిలో బాలాస్ట్ రెసిస్టర్ (కాయిల్‌కి పోయే కరెంటును తగ్గించే నిరోధకం) ఉండాలి. కాయిల్‌కి దాన్ని ఉంచండి. మాడ్యూల్ ఎర్ర తీగ మాత్రం దానికి ముందు వైపు, అంటే స్విచ్ వైపు కలపాలి. అలాంటి బండికి రిలే 87 వైరూ, పైన చెప్పిన కాయిల్ పాజిటివ్ కొలతా ఆ ముందు వైపే.

పీకిన పాయింట్లు, కండెన్సర్ పారేయకండి. నావి డాష్‌బోర్డు అరలో పాత సాక్సులో ఉంటాయి, పక్కనే పాయింట్ల సందు కొలిచే 15 థౌ (అంగుళంలో వెయ్యింట పదిహేను వంతులు) ఫీలర్ గేజ్.

అభ్యాసం: ఇదే లోడుతో (పైన చెప్పినట్టే కాయిల్ నెగటివ్ బాడీకి కలిపి) నాలుగు చోట్ల కొలవండి: బ్యాటరీ, స్విచ్‌లోకి వెళ్లే గోధుమరంగు తీగ, బయటికొచ్చే తెల్ల తీగ, కాయిల్ పాజిటివ్. తెల్లవారుజామున ఒకసారి, అరగంట నడిపి వేడెక్కాక ఇంకోసారి. మొండికేసిన బండిని ఆ అరగంట నడపడానికి పాయింట్లు మళ్లీ బిగించుకోవాలి, తప్పదు. రెండింటినీ ఒకే కాగితం మీద రాయండి. అవి చేతిలో లేకుండా ఫోన్ చేస్తే ఎత్తను.