గిఫ్ట్ ప్యాకింగ్ సామాను నలగకుండా సర్దిన పద్ధతి

గిఫ్ట్ పేపర్లు పాడయ్యేది ఎక్కువగా మడతల వల్ల, రబ్బరు బ్యాండ్ల వల్ల. మడత గీత పడితే ఇక పోదు. మెరుపు కాగితమైతే అక్కడ రంగు కూడా లేస్తుంది. రబ్బరు బ్యాండు అంచుని నొక్కేస్తుంది, ఎండాకాలంలో మెత్తబడి కాగితానికి అంటుకుపోతుంది.

అందుకే బట్టల షాపులో గుడ్డ తాను చుట్టి వచ్చే అట్ట గొట్టాలు అడిగి తెచ్చి, షీటు పొడవుకి కోసి, ఒక్కోదాని మీద ఎనిమిది, పది షీట్లు డిజైన్ లోపలికి ఉండేలా చుట్టాను. పైన రెండంగుళాల పాత గుడ్డ పట్టీతో వదులుగా కట్టాను. బీరువా అడుగున పడుకోబెట్టడమే మంచిది. నిలబెడితే బరువు కింది అంచు మీద పడి నలుగుతుంది.

రిబ్బన్లు చుట్టడానికి అట్టముక్క చాలు, అంచున చిన్న గాటు పెట్టి కొసను అందులో దోపాలి. సెల్లోటేపు మాత్రం జిప్ కవర్లోనే ఉంచండి; పక్కలకు దుమ్ము అంటితే పట్టు పోతుంది. జానెడు కన్నా చిన్న కాగితం ముక్కలు దాచడం దండగ.

చదివింపుల కవర్లతో వేరే తంటా. వానాకాలం తేమకి మూత జిగురు దానంతటదే అతుక్కుంటుంది. ప్రతి మూత కింద బటర్ పేపర్ ముక్క పెట్టి, గాలి చొరని డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లంతో పాటు వేస్తే అతుక్కోవు.