మద్యం మానిన తొలి వారాల్లో మనసును నిలబెట్టుకోవడం

మద్యం మానిన తొలి వారాల్లో ఒంటి బాధ కంటే మనసు బాధే చాలామందిని ఎక్కువగా కలవరపెడుతుంది. ఏళ్ల తరబడి మద్యం మెదడును మందగింపజేస్తూ ఉంటే, దానికి దీటుగా మెదడు తన ఉద్రేకాన్ని పెంచుకుని ఉంటుంది. మద్యం ఆగిన మరుక్షణమే ఆ ఉద్రేకం తగ్గదు కనుక ఆందోళన, చిరాకు, నిద్ర పట్టకపోవడం, కారణం తెలియని ఏడుపు పైకి వస్తాయి. అవి మీ స్వభావం చెడిందనడానికి గుర్తులు కావు. నిద్ర కుదుటపడడానికి కొందరికి నెలలు కూడా పడుతుంది.

ముందుగా ఒక హెచ్చరిక. రోజూ ఎక్కువగా తాగే అలవాటున్నవారు వైద్యుని పర్యవేక్షణ లేకుండా ఒక్కసారిగా మానకూడదు. మొదటి రెండు రోజుల్లో మూర్ఛ, ఆ తరువాత ఒకటి రెండు రోజుల్లో మతిభ్రమ వచ్చే ప్రమాదం ఉంది. లేనివి కనిపించినా, తీవ్రంగా వణికినా 108కి ఫోన్ చేయాలి.

తాగాలన్న తలపు చాలామందికి సాయంత్రం, పాత వేళకే వస్తుంది. అది సాధారణంగా అరగంటలోపే ఎక్కి, దిగిపోతుంది. దానితో వాదించకుండా, గడియారం చూసి వేళ రాసుకుని, కడుపునిండా ఏదైనా తిని, వైన్ షాపు లేని దారిలో నడవండి. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట అనే నాలుగింటిలో ఏది ఉందో చూసుకోమని తాగుడు మానడానికి ఒకరికొకరు తోడుండే ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే బృందం సభ్యులు చెబుతుంటారు. వీటిలో ఆకలి ఎంత పని చేస్తుందో చాలామంది గుర్తించరు.

నా ఉద్దేశంలో అన్నిటికంటే కష్టమైనది ఇంట్లోవారి అనుమానాన్ని ఓర్చుకోవడం. ఇరవై రోజులుగా ముట్టని మనిషి కాస్త ఆలస్యంగా వస్తే భార్య దగ్గరకు వచ్చి వాసన చూస్తుంది, ఆ క్షణంలో పుట్టే కోపం, "ఎలాగూ నమ్మరు కదా, తాగితే ఏం?" అన్న ఆలోచనకు దారి తీస్తుంది. ఆమె భయం ఈ ఇరవై రోజుల గురించి కాదు, అంతకు ముందరి ఏళ్ల గురించి. అందుకే నమ్మకాన్ని డిమాండ్ చేయకుండా, "నీకు నమ్మకం కుదరడానికి సమయం పడుతుంది, నాకు తెలుసు" అని చెప్పి, ఆలస్యమయ్యే రోజు ముందే ఫోన్ చేయడం మేలు. ఇంట్లోవారికీ ఒక మాట: తాగుడు మాన్పించడానికి వైద్యులు ఇచ్చే, మద్యంతో కలిస్తే ఒంట్లో తీవ్రంగా వికటించే డైసల్ఫిరామ్ మాత్రను అన్నంలోనో కూరలోనో రహస్యంగా కలపకండి. అది తెలియక అతను తాగితే ప్రాణానికే ముప్పు.

రాత్రిళ్లు చేసిన తప్పులు గుర్తొచ్చి సిగ్గు ముంచెత్తుతుంది. అప్పులూ క్షమాపణలూ అన్నీ ఒకే వారంలో తీర్చాలనుకోకుండా కాగితం మీద రాసి పక్కన పెట్టి, ఆ రాత్రి ఒక్క మనిషితోనైనా మాట్లాడండి. 1935లో అమెరికాలో ఇద్దరు తాగుబోతుల మధ్య జరిగిన అలాంటి సంభాషణ నుంచే ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టింది. మాట్లాడడానికి ఎవరూ లేకపోయినా, చనిపోవాలన్న ఆలోచన వచ్చినా, ప్రభుత్వ మానసిక సహాయ ఫోన్ సేవ టెలి మానస్ 14416 రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు. దిగులు కొన్ని వారాలు దాటినా వదలకపోతే మానసిక వైద్యుణ్ణి కలవాలి, ఎందుకంటే దానికి వేరే చికిత్స అవసరం కావచ్చు.

ఒకవేళ ఒకరోజు తాగితే, దాచకుండా అదే రోజు నమ్మకమైన ఒకరికి చెప్పి, వీలైనంత త్వరగా వైద్యుణ్ణి కలిసి ఎంత తాగారో, ఏ మందులు వాడుతున్నారో ఉన్నదున్నట్టు చెప్పండి.