ఫొటోషాప్‌లో బాగున్న రంగులు ఫోన్‌లో వెలవెలబోతుంటే: నా అనుభవం

కాలేజీలో ఫొటోగ్రఫీ క్లాసు అసైన్‌మెంట్‌కి బతుకమ్మ ఫొటోలు తీశాను. ల్యాబ్ కంప్యూటర్‌లో తంగేడు పూలు పచ్చగా మెరిసిపోతున్నాయి. అదే జేపెగ్ అమ్మ ఫోన్‌లో చూస్తే నాలుగు రోజుల నాటి పూలలా ఉన్నాయి.

శాచురేషన్ పెంచాను, మానిటర్ బ్రైట్‌నెస్ మార్చాను, మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేశాను, ఏదీ పనిచేయలేదు.

అసలు సంగతి కెమెరా మెనూలో ఉంది. ఎవరు మార్చారో గానీ, కలర్ స్పేస్ (ఫొటోలో వాడే రంగుల పరిధి) అడోబీ ఆర్‌జీబీలో ఉంది. అది ఫోన్లూ, వెబ్‌సైట్లూ మామూలుగా వాడే ఎస్ఆర్‌జీబీ కన్నా విశాలం. ఫొటోలో ప్రతి రంగూ కొన్ని అంకెలే, అవి ఏ కలర్ స్పేస్‌వో చెప్పే చీటీ ప్రొఫైల్. దాన్ని పట్టించుకోని యాప్ ఆ అంకెలనే ఎస్ఆర్‌జీబీగా చదివితే రంగు చప్పబడుతుంది.

ముందు ఫొటోషాప్‌లో ఎడిటింగంతా పూర్తిచేసి దాని సొంత ఫైలు రకమైన పీఎస్‌డీగా సేవ్ చేసుకున్నాను. తర్వాత ఎడిట్ మెనూలో కన్వర్ట్ టు ప్రొఫైల్‌కి వెళ్లి ఎస్ఆర్‌జీబీ ఎంచుకున్నాను. దాని పైనే ఉండే అసైన్ ప్రొఫైల్ నొక్కకండి, నేను మొదట అక్కడే బోల్తా పడ్డాను. అసైన్ అంకెలను అలాగే ఉంచి పేరు మాత్రమే మారుస్తుంది, రంగు ఇంకా పాడవుతుంది. కన్వర్ట్ అయితే రంగు నిలిచేలా అంకెలను మారుస్తుంది. చివరగా ఎక్స్‌పోర్ట్ యాజ్‌లో ఎంబెడ్ కలర్ ప్రొఫైల్‌కి టిక్ పెట్టాను. ఫోన్‌లో తంగేడు మళ్లీ తంగేడులా కనిపించింది.

కెమెరాలోనూ ఎస్ఆర్‌జీబీకి మార్చేశాను. రా ఫైళ్లకి (కెమెరా ప్రాసెస్ చేయకుండా ఇచ్చేవి) ఆ సెట్టింగుతో పనిలేదు, జేపెగ్‌లకే. మీ ఫైలు ముందే ఎస్ఆర్‌జీబీ అయితే మీ జబ్బు వేరే, బహుశా మానిటర్‌ది. ప్రింటుకి ఇచ్చేటప్పుడు మాత్రం ఏ ప్రొఫైల్ కావాలో స్టూడియో వాళ్లనే అడగండి.