ఒకే సోర్సు, రెండు ఆర్కిటెక్చర్లు – 4వ పాఠం: బిల్డ్ డైరెక్టరీల తగువు

పోయిన పాఠంలో ఏఆర్‌ఎం64 క్రాస్ కంపైలర్ (ఒక రకం ప్రాసెసర్ మీద నడుస్తూ ఇంకో రకానికి కోడ్ తయారుచేసేది) ఎక్కించుకున్నాం. ఇవాళ ఒకే సోర్సును రెండు ఆర్కిటెక్చర్లకు, అంటే రెండు రకాల ప్రాసెసర్లకు, బిల్డ్ చేద్దాం. ముందు కావాలనే తప్పుగా చేద్దాం.

సోర్సు డైరెక్టరీలోనే కాన్ఫిగర్ (సిస్టమ్‌ని పరీక్షించి బిల్డ్‌ను సిద్ధం చేసే స్క్రిప్టు) నడిపి మేక్ (కంపైల్ చేయించే కమాండ్) కొట్టండి. మామూలు ఇంటెల్, ఏఎండీ పీసీలో అయితే ఎక్స్86-64 ప్రోగ్రాం వస్తుంది. అక్కడే, హోస్ట్ ఆప్షన్‌లో ఏఆర్‌ఎం64 అని చెప్పి మళ్లీ కాన్ఫిగర్, మళ్లీ మేక్. చాలా ప్రాజెక్టుల్లో మేక్ చేయాల్సిందేమీ లేదని చేతులు దులుపుకుంటుంది. మేక్ చూసేది ఫైళ్ల టైమ్ మాత్రమే, కంపైలర్ మారిన సంగతి దానికి పట్టదు. ఇప్పుడు ఒక సీ ఫైల్లో ఏదో లైను మార్చి మేక్ కొట్టండి. ఆ ఒక్కటీ ఏఆర్‌ఎం64కి కంపైల్ అవుతుంది, మిగతా ఆబ్జెక్టులు (ఒక్కో సీ ఫైల్ కంపైలయ్యాక వచ్చే ఫైళ్లు) పాతవే. రెంటినీ కలపబోయి లింకర్ ‘ఫైల్ ఇన్ రాంగ్ ఫార్మాట్’ అంటుంది. పైన ‘ఈఎం 62’ అని కనబడిందా? ఈఎల్‌ఎఫ్ (లైనక్స్‌లో ప్రోగ్రాం, ఆబ్జెక్టు ఫైళ్ల ఫార్మాట్) హెడర్‌లో ఎక్స్86-64 నంబరు అది. ఏఆర్‌ఎం64ది 183. మొదటిసారి ఇది చూసి క్రాస్ కంపైలరే పాడైందనుకుని, దాన్ని తీసి మళ్లీ ఎక్కిస్తూ ఒక సాయంత్రమంతా తగలేశాను.

ఇది అరిచే తప్పు, నయం. అరవనిది పాత కాన్ఫిగ్ హెడర్, అంటే కాన్ఫిగర్ తను కనుక్కున్నవి రాసిపెట్టే ఫైలు. కోట్స్‌లో రాసిన ఇంక్లూడ్ ముందుగా ఆ ఫైలు ఉన్న డైరెక్టరీలోనే వెతుకుతుంది. కాబట్టి బిల్డ్‌కి వేరే డైరెక్టరీ పెట్టుకున్నా, సోర్సులో మిగిలిపోయిన హెడర్ అక్కడి కొత్తదాన్ని వెనక్కి నెట్టేస్తుంది. 64 బిట్ లైనక్స్‌లో లాంగ్ 8 బైట్లని రాసుకున్న ఆ హెడర్‌తో 32 బిట్ ఏఆర్‌ఎంకి బిల్డ్ చేస్తే, అక్కడ లాంగ్ 4 బైట్లే. కంపైల్ శుభ్రంగా అవుతుంది, లెక్కలు తప్పుతాయి.

ఇక సరైన దారి. సోర్సులో మేక్ డిస్ట్‌క్లీన్ కొట్టండి, కాన్ఫిగర్, మేక్ తయారుచేసినవన్నీ అది చెరిపేస్తుంది. బయట ఆర్కిటెక్చర్‌కి ఒకటి చొప్పున ఖాళీ డైరెక్టరీ పెట్టి, దాని లోపలి నుంచే సోర్సులోని కాన్ఫిగర్‌ను పిలవండి, ఏఆర్‌ఎం64 దాంట్లో హోస్ట్ ఆప్షన్‌తో. డిస్ట్‌క్లీన్ మర్చిపోతే, ఆటోమేక్ (మేక్‌కి కావాల్సిన ఫైళ్లను తయారుచేసే టూల్) వాడిన ప్రాజెక్టుల్లో కాన్ఫిగరే ఆగి ఆ మాట గుర్తుచేస్తుంది. చేత్తో రాసుకున్న స్క్రిప్టుల్లో ఆ కాపలా ఉండదు.

సీమేక్ అనే మరో బిల్డ్ టూల్‌లో తంటా వేరు. కంపైలర్ పేరు క్యాష్ ఫైల్లో నిలిచిపోతుంది. పాత డైరెక్టరీకే కొత్త టూల్‌చైన్ ఫైల్ (ఏ కంపైలర్ వాడాలో చెప్పేది) ఇచ్చినా పట్టించుకోదు. క్యాష్‌తో కుస్తీ పట్టకండి, వేరే డైరెక్టరీ తెరవండి.

అభ్యాసం: రెండు డైరెక్టరీల్లోంచీ ఒక్కో ఆబ్జెక్టు తీసి ఫైల్ కమాండ్‌కి ఇవ్వండి. ఒకదానికి ఎక్స్86-64, రెండోదానికి ఏఆర్‌ఎం ఏఆర్క్64 (ఏఆర్‌ఎం64కే ఇంకో పేరు) అని రావాలి. రెంటికీ ఒకటే వస్తే కాన్ఫిగర్‌కి హోస్ట్ ఆప్షన్ సరిగ్గా ఇచ్చారో లేదో చూడండి. 5వ పాఠంలో ఈ రెంటినీ ఇన్‌స్టాల్ చేద్దాం.